అర్థం చెప్పలేని మాట

మా మక్తబ్‌లోని పెద్ద పిల్లలు మాకొక పేరు పెట్టుకున్నారు. ఆ పేరు 'సైరన్'. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కర్మాగారాల నీడలో పెరిగిన పిల్లలకు ఆ మాట ఎవరూ నేర్పనక్కరలేదు. షిఫ్టు మారే వేళ మోగే కూత అది. మగ్రిబ్ నమాజు ముగిసి, సున్నతులు పూర్తికాగానే "కితాబులు తెరవండి" అని మేము వేసే కేక వారి చెవులకు ఆ కూతలాగే వినిపించిందట. వారి వాట్సప్ బృందంలో 'సైరన్ మోగింది' అంటే హజ్రత్ వచ్చేశారని అర్థం. 'ఈ రోజు సైరన్ లేదు' అంటే మాకు జ్వరమో ప్రయాణమో తగిలిందని, పాఠానికి సెలవని అర్థం. ఒక విద్యార్థి ఈ సంగతి తానుగా మాకు చెప్పి, భయంభయంగా మా ముఖంలోకి చూశాడు. మేము నవ్వాము. ఆ పేరు మాకు నచ్చింది కూడా. పిలవడమే పనిగా ఉన్నవాడికి అంతకంటే తగిన బిరుదు ఏముంటుంది?

అడిగిన కొద్దీ ఒక చిన్న నిఘంటువే బయటపడింది. ఫజ్ర్ తరువాతి పాఠంలో కునికిపాట్లు పడేవాడు 'సి షిఫ్టు'. రాత్రంతా యంత్రం దగ్గర నిలబడి వచ్చినవాడిలా తూలుతాడు కనుక. కంఠస్థం చేసిన సూరా నడుమ మరచిపోయి నోరు తెరచి నిలబడిపోయేవాడు 'లోడింగ్'. పాఠం అప్పజెప్పలేక ఇషా తరువాత కూడా కూర్చోవలసివస్తే అది 'ఓవర్‌టైమ్'. ఇంటికి వెళ్ళడానికి మేమిచ్చే అనుమతి 'గేట్‌పాస్'. ఈ పిల్లల తండ్రులలో చాలామంది షిఫ్టుల మీద బ్రతికేవారే. తండ్రి నోట విన్న పని మాటలను పిల్లలు ఆట మాటలుగా మార్చుకున్నారు. అందులో తెలివి ఉంది, స్నేహం ఉంది, కొంత అల్లరి ఉంది.

నలుగురు ఒకచోట కలిసి మెలిసి ఉంటే వారికొక సొంత మాట పుట్టడం మానవ స్వభావం. మన తెలుగు పల్లెల్లో పిల్లలు ప్రతి అక్షరానికీ ముందు 'క' చేర్చి 'క భాష' మాట్లాడుకొని పెద్దలను తికమక పెట్టేవారు. ఉర్దూ ఇళ్ళలో అదే ఆట 'ఫే కీ బోలీ'గా సాగింది. పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకొని ధర నిర్ణయించుకుంటారు. చుట్టూ నిలబడినవారికి అంకె తెలియదు. ఇప్పుడు ఆ తువ్వాలు స్థానంలో ఫోను తెర వచ్చింది. అంతర్జాలంలో తిరిగే తెలుగు యువకుల నోట 'పులిహోర కలపడం' అంటే వంట కాదు, ఆడపిల్లలతో మాటలు కలపడం. 'బిస్కెట్ వేయడం' అంటే పొగిడి మంచి చేసుకోవడం. మన ఉర్దూ 'బక్రా' కూడా తెలుగులోకి వచ్చి 'బకరా'గా మారి, మోసపోయినవాడికి పేరయింది. పక్క గదిలో కూర్చున్న తండ్రికి కొడుకు మాట్లాడేది తెలుగే అని తెలుస్తుంది. ఏమి మాట్లాడుతున్నాడో మాత్రం తెలియదు.

ఇటీవల తల్లిదండ్రులు మా దగ్గరకు వచ్చి చెప్పుకునే ఫిర్యాదుల్లో ఇదొకటి. "హజ్రత్, మావాడు ఫోను చూసి ఒక్కడే నవ్వుతాడు. ఎందుకని అడిగితే మీకు అర్థం కాదు అబ్బా అంటాడు" అని వాపోతారు. కొందరు ఇటువంటి పరిహాసమంతా హరామేనని మా నోట చెప్పించాలనుకుంటారు. మరికొందరు ఇది పిల్లల కాలక్షేపం, పట్టించుకోనక్కరలేదని తేల్చేస్తారు. ఈ రెండు మాటలతోనూ మేము ఏకీభవించలేము. దీన్ మనకు ఈ విషయంలో ఒక కొలబద్ద ఇచ్చింది. దానిని పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట అనుమతి ఉన్న వైపు చూద్దాం. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు ఒక పసివాడు. అతని కున్యత్ అబూ ఉమైర్. అతనికొక చిన్న పిట్ట ఉండేది, దానిని 'నుగైర్' అనేవారు. పిట్ట చనిపోయి పిల్లవాడు దిగులుగా ఉన్నప్పుడు దైవప్రవక్త (స) అతని పేరుకు, పిట్ట పేరుకు ప్రాస కలిపి, నీ నుగైర్ ఏమయిందని పలకరించేవారు. ఆ పలకరింపు ఆ ఇంటివారికి, ఆ పిల్లవాడికి మాత్రమే పూర్తిగా అర్థమయ్యే ముచ్చట. సహీహ్ బుఖారీలోని ఈ చిన్న హదీసు నుండి హిజ్రీ నాలుగవ శతాబ్దపు ధర్మవేత్త ఇబ్నుల్ ఖాస్ (రహ్మ) అరవై ప్రయోజనాలను వెలికితీసి ప్రత్యేకంగా ఒక పుస్తకమే రచించారు. పిల్లలతో సరసంగా మాట్లాడడం, బాధలో ఉన్నవారి మనసు మళ్ళించడం వంటివి వాటిలో కొన్ని.

హజ్రత్ అలీ (రజి) ఒకనాడు మస్జిదులో నేలమీద నిద్రపోతుండగా ఆయన వీపుకు మన్ను అంటుకుంది. దైవప్రవక్త (స) స్వయంగా ఆ మన్ను దులుపుతూ 'అబూ తురాబ్' అని పిలిచారు. మట్టివాడని దాని భావం. హజ్రత్ అలీ (రజి)కి తన పేర్లన్నింటిలోకీ ఆ పేరే ఎక్కువ ఇష్టమని హదీసు చెబుతోంది. హజ్రత్ అబూ హురైరా (రజి)ను లోకమంతా పిల్లికూన పేరుతోనే గుర్తుపెట్టుకుంది. చేతులు పొడవుగా ఉన్న ఒక సహాబీని 'జుల్ యదైన్' అనేవారు. దైవప్రవక్త (స) కూడా ఆయనను ఆ పేరుతోనే ప్రస్తావించారు. హదీసు ఉల్లేఖకుల పరంపరలో 'అఅమష్', 'అఅరజ్' అనే పేర్లు కనిపిస్తాయి. మొదటిదానికి చూపు మందగించినవాడని, రెండవదానికి కుంటుతూ నడిచేవాడని అర్థం. మనిషిని గుర్తుపట్టడానికి ఇటువంటి పేరు వాడవచ్చునని, కించపరచడానికి వాడితే నిషిద్ధమని ధర్మవేత్తలు వివరించారు. అంటే పేరు ఒకటే అయినా ఉద్దేశాన్ని బట్టి తీర్పు మారుతుంది.

ఉద్దేశం మనసులో ఉంటుంది, దానిని ఎలా కొలుస్తామని పాఠకులు అడగవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానం మాకు గ్రంథాలలో చాలాకాలంగా ఉన్నదే. అయినా దాని బరువు మా కళ్ళెదుట కనిపించింది ఒక పన్నెండేళ్ళ అబ్బాయి వలన.

కిష్టారెడ్డిపేటకు ఒకవైపు పటాన్‌చెరు, మరొకవైపు అమీన్‌పూర్. కొత్త భవనాలు లేస్తున్న చోట, కర్మాగారాల చుట్టూ ఉన్న అద్దె గదుల్లో బీహార్ నుండి, ఒడిశా నుండి, ఉత్తరప్రదేశ్ నుండి వచ్చిన శ్రామికులు ఉంటారు. వారి పిల్లలు కొందరు మా మక్తబ్‌కు వస్తారు. ఆ అబ్బాయి బీహార్ నుండి తండ్రితో పాటు దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్‌లో దిగి ఇక్కడికి చేరాడు. తండ్రికి హమాలీ పని. మొదటిరోజు గదికి తాళం దొరకక, తన బట్టలు కట్టుకున్న పాత దుప్పటి మూటను వీపున వేసుకొనే మస్జిదుకు వచ్చాడు. ఉర్దూ వచ్చు, తెలుగు ఒక్క ముక్క రాదు. గొంతు మాత్రం ఎంతో మధురం. వారం తిరగకముందే పిల్లలు అతనిని తమ వాట్సప్ బృందంలో చేర్చుకున్నారు. అతనికొక పేరు కూడా పెట్టారు. ఆ పేరు 'మూట'.

'మూట వచ్చింది' అంటే అతను వచ్చాడని. 'మూట విప్పాడు' అంటే అమ్మ గుర్తుకువచ్చి ఏడ్చాడని. 'మూట కట్టు' అంటే ఇక నీ ఊరికి బయలుదేరమని. ఈ మాటలన్నీ అతని ముందే తెలుగులో సాగేవి. అందరూ నవ్వుతూ పిలిచేవారు కనుక అదొక ముద్దుపేరని అతను నమ్మాడు. తాను కూడా ప్రతి సాయంత్రం ఆ బృందంలో 'మూట ఆ గయా' అని రాసేవాడట. రాసిన ప్రతిసారీ నవ్వుముఖాల బొమ్మలు వరుసగా వచ్చిపడేవి. తనను చూసి అందరూ ఇంత సంతోషిస్తున్నారా అని అతను మురిసిపోయేవాడు.

ఒకనాడు పాఠం ముగిసిన తరువాత అతను మా దగ్గర ఆగి ఉర్దూలో అడిగాడు. "హజ్రత్, తెలుగులో మూట అంటే ఏమిటి? మా భాషలో మోటా అంటే లావుపాటివాడు. నేను సన్నగా ఉన్నాను కదా! అక్కడ నిన్నేమని పిలుస్తారని అమ్మ ఫోనులో అడిగింది. చెప్పాను. అర్థమేమిటో కనుక్కుని చెప్పమంది."

ఆ ప్రశ్నకు మేము అప్పటికప్పుడు సమాధానం చెప్పలేదు. ఆ పేరు పెట్టినవారే రేపు చెబుతారని అతనితో అన్నాము. మరునాడు పెద్ద పిల్లలు నలుగురిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాము. కోపపడలేదు. బెత్తం జోలికి పోలేదు. "బేటా, ఇతను ఒక మాటకు అర్థం అడుగుతున్నాడు. మీ బృందంలో ఆ మాటను ఎలా వాడతారో ఒక్కొక్కటిగా ఉర్దూలో ఇతనికి చెప్పండి" అన్నాము. మొదటివాడు, మూట అంటే సామాను అని చెప్పి ఆగిపోయాడు. రెండవవాడు తల వంచుకున్నాడు. మూడవవాడు గోడవైపు చూశాడు. ఆ పేరు పుట్టించినవాడు అందరిలోకీ చురుకైనవాడు. అతని కళ్ళు చెమర్చాయి. "నేను చెప్పలేను హజ్రత్. వేరే ఏ శిక్షయినా ఇవ్వండి" అన్నాడు.

ఆ మౌనంలోనే బీహార్ అబ్బాయికి అర్థం తెలిసిపోయింది. ఎవరూ అనువదించనక్కరలేకపోయింది.

మేము చెప్పదలచిన కొలబద్ద ఇదే. ఒక బృందం తనలో తాను ఎన్ని మాటలైనా పుట్టించుకోవచ్చు. కాని ఆ మాట ఎవరి గురించి పుట్టిందో ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని, అతని భాషలో, అతని కళ్ళలోకి చూస్తూ దాని అర్థం చెప్పగలగాలి. చెప్పగలిగితే అది పరిహాసం. చెప్పలేకపోతే అది వెక్కిరింత. మా 'సైరన్' మాకు చెప్పగలిగిన మాట. చెప్పారు, కలిసి నవ్వుకున్నాము. 'మూట' ఆ అబ్బాయికి చెప్పలేని మాట.

ఈ కొలబద్ద మేము కల్పించినది కాదు. దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 104వ ఆయత్‌ను గుర్తు చేసుకోండి. సహాబీలు దైవప్రవక్త (స) బోధ వింటూ, మా వైపు గమనించండి అనే భావంతో 'రాఇనా' అనేవారు. అందులో ఏ దోషమూ లేదు. అయితే మదీనాలో కొందరు ఆ పదాన్నే నాలుక మెలిపెట్టి పలికి, తమలో తాము తిట్టుగా మార్చుకొని, ఎదురుగా మర్యాద నటిస్తూ చాటున నవ్వుకునేవారు. అప్పుడు అల్లాహ్ విశ్వాసులను ఆ పదమే వదిలి, దానికి బదులు 'ఉంజుర్నా' అనమని ఆదేశించాడు. ఆలోచించండి. విశ్వాసుల మనసు స్వచ్ఛంగానే ఉంది. అయినా ఒక ముఠా లోపలి నవ్వుకు ఆశ్రయమిచ్చిన పదాన్ని సమాజం నుండే తొలగించడం జరిగింది. రెండు అర్థాల నడుమ దాక్కునే మాట ఎంత హానికరమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

అటువంటిదే మరొక సంఘటన. కొందరు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి 'అస్సలాము' అనవలసిన చోట ఒక అక్షరం మింగి 'అస్సాము అలైకుమ్' అన్నారు. 'సామ్' అంటే మరణం. వినేవారికి సలామ్‌లా వినిపించాలి, తమవారికి మాత్రం శాపమని తెలియాలి. అదీ వారి యుక్తి. హజ్రత్ ఆయిషా (రజి) ఆ మోసాన్ని పసిగట్టి తీవ్రంగా బదులిచ్చారు. దైవప్రవక్త (స) ఆమెను శాంతపరచి, అల్లాహ్ ప్రతి వ్యవహారంలోనూ మృదుత్వాన్నే ఇష్టపడతాడని బోధించారు. తాము మాత్రం 'వ అలైకుమ్' అని ఊరుకున్నారు. మీరన్నది మీకే అని దాని భావం. ఈ హదీసును బుఖారీ, ముస్లిం ఇద్దరూ ఉల్లేఖించారు. చాటుమాటకు చాటుమాటతో బదులివ్వని ఉత్తమ నడవడి అది.

ముగ్గురు కలిసి ఉన్నప్పుడు మూడవవాడిని వదిలి ఇద్దరు గుసగుసలాడుకోరాదని కూడా దైవప్రవక్త (స) వారించారు. అది అతనికి దుఃఖం కలిగిస్తుందని కారణం కూడా సెలవిచ్చారు. గమనించవలసిన విషయమేమిటంటే, ఆ గుసగుస అతని గురించే అయి ఉండాలన్న షరతు అక్కడ లేదు. తనను వెలుపల నిలబెట్టారన్న భావమే అతని దుఃఖానికి చాలు. మూడవవాడికి తెలియని భాషలో ఇద్దరు మాట్లాడుకోవడం కూడా ఈ నిషేధం కిందికే వస్తుందని ధర్మవేత్తలు పేర్కొన్నారు. బీహార్ పిల్లవాడి ముందు తెలుగులో నవ్వుకోవడానికి ఇంతకంటే దగ్గరి ఉపమానం మాకు కనిపించలేదు.

ఇక హుజురాత్ సూరా 11వ ఆయత్. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల ఉల్లేఖనం ప్రకారం, మదీనాలోని బనూ సలమా తెగలో ఒక్కొక్కరికి రెండు మూడు పేర్లుండేవి. దైవప్రవక్త (స) ఒకరిని ఒక పేరుతో పిలిస్తే, దైవప్రవక్తా! ఆ పేరంటే అతనికి కోపమని పక్కనున్నవారు విన్నవించేవారు. ఆ సందర్భంలో చెడ్డపేర్లతో పిలుచుకోవడాన్ని అల్లాహ్ నిషేధించాడు. అదే ఆయత్ మొదట్లో ఎగతాళిని నిషేధిస్తూ 'ఖౌమ్' అనే పదం వాడబడింది. ఒక సమూహం మరొక సమూహాన్ని ఎగతాళి చేయరాదన్నాడు, బహుశా వారే వీరికంటే మేలైనవారు కావచ్చునన్నాడు. ఆ తరువాత స్త్రీలను కూడా ప్రత్యేకంగా ప్రస్తావించాడు. ఎగతాళి ఒంటరిగా బ్రతకదు. దానికి నవ్వేవారు కావాలి. నవ్వే నలుగురు లేకపోతే ఆ మాట పుట్టించినవాడి నోటిలోనే చచ్చిపోతుంది.

మాట కూడా అక్కరలేదు, సైగ చాలు. ముతఫ్ఫిఫీన్ సూరా చివరి ఆయత్‌లలో అపరాధుల గురించి ఒక వర్ణన ఉంది. విశ్వాసులు తమ పక్కనుండి వెళుతుంటే వారు ఒకరికొకరు కన్నుగీటుకునేవారు. ఇళ్ళకు తిరిగివెళ్ళి తమవారి నడుమ ఆ ముచ్చటే చెప్పుకొని ఆనందించేవారు. నేటి వాట్సప్ బృందంలో పంపే బొమ్మలకు, స్టిక్కర్లకు ఈ కన్నుగీటడానికి ఏమైనా తేడా ఉందా?

నాలుగు నవ్వుల కోసం పుట్టిన మాట ఎంత దూరం వెళ్ళగలదో మన దేశంలోని ముస్లిం కుటుంబాలు 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న మరొకసారి చూశాయి. సమాజంలో గొంతు విప్పిన ముస్లిం స్త్రీల చిత్రాలను వారి అనుమతి లేకుండా తీసి, గిట్‌హబ్ అనే వేదిక మీద యాప్‌లలో పెట్టి, వారిని 'వేలం' వేస్తున్నట్టు చూపించారు. రెండవసారి నూరుమందికి పైగా స్త్రీల చిత్రాలున్నాయి. పాత్రికేయులు, న్యాయవాదులు, విద్యార్థినులతో పాటు హైదరాబాద్‌కు చెందిన అరవై దాటిన సామాజిక కార్యకర్త చిత్రం కూడా అందులో ఉంది. ఆ యాప్‌ల పేర్లు ముస్లిం స్త్రీని కించపరచడానికి అంతర్జాలపు ముఠాలు పుట్టించుకున్న తిట్టు మాట నుండి వచ్చినవే. మొదటి యాప్ మూతపడిన తరువాత ఒక్క అక్షరం మార్చి రెండవదానికి పెట్టారు. ఆ మాటలను ఈ పత్రిక పుటల్లో రాయడానికి మా కలం అంగీకరించదు.

పోలీసులు 2022 జనవరిలో వేర్వేరు రాష్ట్రాల నుండి కొందరిని అరెస్టు చేశారు. వారిలో ఇరవై ఏళ్ళ పరిసరాల్లో ఉన్న విద్యార్థులున్నారు. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి కూడా ఉన్నట్టు పత్రికలు రాశాయి. అటువంటి ముఠాల లోపలి పరిభాషను గురించి కూడా అప్పుడు వార్తలు వచ్చాయి. తమను తాము 'ట్రాడ్'లు అని పిలుచుకునేవారు, ద్వేషం తమంత తీవ్రంగా లేనివారిని 'రైతా' అని ఎగతాళి చేసేవారట. మనం బిర్యానీ పక్కన వడ్డించుకునే ఆ పెరుగు రైతాయే. అంటే ద్వేషంలో కాస్త వెనుకబడడం కూడా వారి నడుమ నవ్వులపాలే. నవ్వు కోసం మొదలైన భాష తన సభ్యులను ఇంకా ఇంకా ముందుకు తోసింది. ఆ యువకులలో ఎవరినైనా పిలిచి, ఆ మాట అర్థాన్ని ఆ హైదరాబాద్ పెద్దావిడ ఎదుట నిలబడి చెప్పమంటే చెప్పగలిగేవారా?

ఈ సంఘటన తలచుకున్నప్పుడు మన హృదయం మండుతుంది; మండాలి కూడా. అయితే ఖుర్ఆన్‌ను చదివేవారు అద్దాన్ని తమవైపు కూడా తిప్పుకోవాలి. మన ఇళ్ళలో, మన బృందాలలో ఇతర మస్లక్‌ల వారికి మనం పెట్టుకున్న పేర్లు లేవా? పొరుగున ఉన్న హిందూ సోదరుల గురించి, దళిత సోదరుల గురించి ఉర్దూలో చాటుగా వాడే మాటలు లేవా? నల్లగా ఉన్న కోడలికి, కట్నం తేలేని చెల్లెలికి, సంతానం లేని వదినకు పెళ్ళి పందిళ్ళలో ఆడవారు పెట్టుకునే చాటుపేర్లు లేవా? 'పంక్చర్‌వాలా' అని మనవారిని ఎగతాళి చేసినప్పుడు మనం నొచ్చుకుంటాము. అదే నోటితో శ్రమజీవులైన బీహార్ సోదరులను ఏమని పిలుస్తున్నాము? మాపై వాడితే జుల్మ్, మేము వాడితే సరదా అనే తూకం అల్లాహ్ సన్నిధిలో చెల్లదు.

ఆ సాయంత్రం తరువాత ఏమి జరిగిందో కూడా చెప్పాలి. పిల్లలు క్షమాపణ కోరారు. బీహార్ అబ్బాయి పర్వాలేదు భాయ్ అన్నాడు. అయినా అతను ఆ బృందంలో మళ్ళీ ఏమీ రాయలేదు. పాఠానికి రావడం మానలేదు, ఖిరాఅత్ చేసేటప్పుడు ఆ గొంతులోని తీపి తగ్గలేదు. ఒక్క తేడా మాత్రం వచ్చింది. ఎవరైనా నవ్వితే ముందు వారి ముఖాలవైపు ఒకసారి చూసేవాడు, తన గురించేనా అని. కొన్ని నెలలకు తండ్రికి అక్కడి ఠేకా పని ముగిసి వారు మహారాష్ట్ర వైపు వెళ్ళిపోయారు. బయలుదేరిన రోజున ఆ దుప్పటి మూటను బస్సు ఆగే చోటు దాకా మోసుకువెళ్ళింది ఆ పేరు పెట్టినవాడే. దారిలో వారిద్దరూ ఏమి మాట్లాడుకున్నారో మేము అడగలేదు. వాళ్ళమ్మకు అతను ఆ మాట అర్థం ఏమని చెప్పాడో కూడా మాకు తెలియదు.

తల్లిదండ్రులకు మా విన్నపం ఇది. పిల్లవాడి చేతిలోని ఫోనును గుంజుకున్నంత మాత్రాన ఈ భాష ఆగదు. గోడ చాటున, ఆటస్థలంలో పుడుతూనే ఉంటుంది. పక్కన కూర్చోండి. "ఈ మాటకు అర్థమేమిటి బేటా?" అని నిజమైన ఆసక్తితో అడగండి. చాలా మాటలకు వారు ఉత్సాహంగా అర్థం చెబుతారు. మీరూ నవ్వండి, అందులో తప్పు లేదు. ఏదో ఒక మాట దగ్గర వారు తడబడతారు, మాట మారుస్తారు. అక్కడ ఆగండి. తిట్టకండి, నిలదీయకండి. "ఇది ఎవరి గురించి? ఆ మనిషి వచ్చి అడిగితే చెబుతావా?" అని మాత్రం అడగండి. ఈ ఒక్క ప్రశ్న అలవాటయితే, మీరు పక్కన లేనప్పుడు కూడా అది వారి వేలికి అడ్డుపడుతుంది, ఇన్‌షా అల్లాహ్. తల్లులు, అక్కలు తమ బృందాలలోని మాటలకు కూడా ఇదే ప్రశ్న వేసుకోవాలి. పిల్లలు భాషను మన నోటి నుండే నేర్చుకుంటారు.

బృందాన్ని నడిపేవారి మీద బాధ్యత మరింత ఎక్కువ. మా మక్తబ్ పిల్లలు ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నారు. కొత్తవాడెవరైనా చేరితే మొదటిరోజే అతనికి తమ మాటలన్నింటికీ అతని భాషలో అర్థం చెబుతారు. దీనికోసం ఒక నోటుపుస్తకంలో పట్టిక రాసుకున్నారు. పట్టిక రాసేటప్పుడు కొన్ని మాటల దగ్గర కలం ఆగిందట. వాటిని కొట్టివేశారు. మిగిలిన మాటలు తక్కువేమీ కావు. ఈ ఏడాది ఒడిశా నుండి వచ్చిన ఒక పిల్లవాడు ఆ పట్టికలో తన భాష నుండి ఒక మాట కూడా చేర్చాడు. దాని అర్థం అతను అందరికీ చెప్పాడు, మాకు కూడా చెప్పాడు.

ప్రళయదినాన మనం పలికిన ప్రతి మాటా మన ఎదుట పరచబడుతుంది. ఎవరి గురించి పలికామో వారు కూడా అక్కడ ఉంటారు. ఆ రోజు తువ్వాలు ఉండదు, తెర ఉండదు, తెలియని భాష ఉండదు. అల్లాహ్ మన నాలుకలను, మన వేళ్ళను, మన పిల్లల నవ్వులను ఇతరుల కన్నీటికి కారణం కాకుండా కాపాడుగాక! ఆమీన్.